కొలరాడోలో ఎల్క్ వేట, వేట తర్వాత మాంసం, తోలు, కొమ్ములు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొలరాడోలో స్థిరపడి చాలా ఏళ్లయింది. ఏటా ఎండాకాలం ముగిసేసరికి డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఎవరో ఒక తెలుగువాళ్లు ఫోన్ చేస్తారు. "ఎల్క్ వేటంట కదా, మేమూ రావొచ్చా?" అని అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒకచోట రాశాను. లైసెన్సు గురించి, తుపాకీ గురించి అందరూ అడుగుతారు. కాల్చాక అంత పెద్ద జంతువుని ఏం చేస్తారని అడిగేవాళ్లు తక్కువ. నాకు ఆ ప్రశ్నే ముఖ్యం కాబట్టి దాని మీదే ఎక్కువ రాశాను. రూల్స్ ఏటేటా మారుతుంటాయి. బయల్దేరే ముందు కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ, అంటే అందరూ సీపీడబ్ల్యూ అని పిలిచేది, ఆ ఏడాదికి ఇచ్చే బ్రోషర్ తప్పకుండా చదవండి.

ఎల్క్ అంటే ఏ జంతువు? మన దుప్పి లాంటిదేనా?

జింక జాతే, కానీ చాలా పెద్దది. మన నల్లమలలో కనిపించే కణితిని ఊహించుకుని, దాన్ని ఇంకా కొంచెం పెంచండి. మగ ఎల్క్ 600 నుంచి 700 పౌండ్లు తూగుతుంది, ఆడది 450 నుంచి 500. ఒళ్లు లేత గోధుమ రంగు, మెడ మీద ముదురు జూలు, వెనక భాగం తెల్లగా ఉంటుంది. షానీ తెగవాళ్లు ఆ తెల్ల పిరుదుల్ని చూసే 'వాపిటి' అన్నారు. ఆ పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఒక జాగ్రత్త. యూరప్‌లో ఎల్క్ అంటే ఇక్కడి మూస్. కొలరాడోలో రెండూ ఉన్నాయి. మూస్ నల్లగా ఉంటుంది, మూతి కిందికి వేలాడుతుంది, మగదానికి కొమ్ములు అరచేతిలా వెడల్పుగా ఉంటాయి. ఎల్క్ అనుకుని మూస్‌ని కాల్చి కేసుల్లో ఇరుక్కునేవాళ్లు ఉన్నారు. ఏ జంతువో నూటికి నూరు శాతం తెలియకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి.

'కౌ ట్యాగ్' అంటున్నారు. ఆవుని వేటాడతారా?

ఈ మాట విని మా అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంగ్లిష్‌లో ఆడ ఎల్క్‌ని కౌ అని, మగదాన్ని బుల్ అని, పిల్లని కాఫ్ అని పిలుస్తారు. పేర్లు మాత్రమే అవి. ట్యాగ్ అంటే లైసెన్సుతో వచ్చే చీటీ. ఎల్క్‌కీ ఆవుకీ సంబంధం లేదు, అది కణితి, దుప్పి కుటుంబానిది. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పండి. అయితే బీఫ్ తిననివాళ్లు పట్టించుకోవాల్సిన అసలు విషయం వేరే ఉంది. అది కింద ప్రాసెసర్ (డబ్బు తీసుకుని మాంసం కోసి ప్యాక్ చేసి ఇచ్చేవాళ్లు) గురించి రాసినచోట చెబుతాను.

ప్రాణం తీయడం తప్పనిపించదా?

అనిపిస్తుంది. మొదటిసారి పడిపోయిన ఎల్క్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మెడ మీద చెయ్యి వేసినప్పుడు, ఆ వెచ్చదనం చేతికి తగిలినప్పుడు, గొంతు పూడుకుపోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ క్షణం తేలిగ్గా గడవదు. తేలిగ్గా గడిచే రోజు వస్తే వేట మానేస్తాను.

కానీ ఇక్కడి లెక్క కొంచెం తెలుసుకోవాలి. 1900 తర్వాత తొలి సంవత్సరాల్లో, అడ్డూ అదుపూ లేని వ్యాపార వేట వల్ల కొలరాడోలో ఎల్క్ దాదాపు అంతరించే దాకా వచ్చింది. అప్పుడు వేటని నిషేధించి, వయోమింగ్ నుంచి రైళ్లలో ఎల్క్‌లని తెచ్చి వదిలారు. ఈ రోజు కొలరాడోలో 2,80,000 దాకా ఉన్నాయి. ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఏ లోయలో ఎన్నిటిని వేటాడవచ్చో, వాటిలో ఆడవి ఎన్నో మగవి ఎన్నో లెక్కగట్టి, చాలావరకు దాన్ని బట్టే లైసెన్సులు ఇస్తారు. లైసెన్సు డబ్బుతోనే వన్యప్రాణి శాఖ ఎక్కువగా నడుస్తుంది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను కూడా వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది, అక్కడి పరిస్థితికి అదే సరైనది. ఇక్కడి పరిస్థితి వేరు. రెంటినీ ఒకే కొలతతో కొలవకండి.

నేను హెచ్-1బీ మీద ఉన్నాను. తుపాకీ పట్టుకోవచ్చా?

మనవాళ్లు చాలామంది ఆలోచించకుండా తప్పు చేసేది ఇక్కడే. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. దానికున్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అంటే లైసెన్సు ముందు, తుపాకీ తర్వాత. "ఫ్రెండ్‌ది కదా, షూటింగ్ రేంజ్‌లో పది నిమిషాలే కదా" అంటే కుదరదు. అరువు తుపాకీ చేతిలో పట్టుకున్నా అది కలిగి ఉన్నట్టే. ఇక్కడ తేడా వస్తే పోయేది ఇమిగ్రేషన్ స్టేటస్. ఒక గంట ఫీజు కట్టి లాయర్‌తో మాట్లాడండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. విల్లుతో వేటాడేవాళ్లకి కూడా ఈ టెన్షన్ ఉండదు, ఎందుకంటే విల్లు ఫైర్‌ఆర్మ్ కాదు.

లైసెన్సు ఎలా వస్తుంది?

1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ఎవరికైనా హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి. మీ రాష్ట్రంలో చేసినా కొలరాడోలో చెల్లుతుంది. మంచి కోర్సు అది. తుపాకీ గొట్టం ఎటు ఉండాలన్న దగ్గర్నుంచి కంచె ఎలా దాటాలన్నదాకా నేర్పుతారు. దీన్ని లాంఛనంలా ముగించకండి.

ఆ తర్వాత డ్రా, అంటే లాటరీ లాంటిది. ఏప్రిల్ మొదటి వారంలో దరఖాస్తు గడువు ముగుస్తుంది, ఫలితాలు మే చివర్లో, జూన్‌లో వస్తాయి. మొదట కోరుకున్న లైసెన్సు రాకపోతే ఒక ప్రిఫరెన్స్ పాయింటు జమవుతుంది, వచ్చే ఏడు అది పనికొస్తుంది. రైఫిల్ రెండో, మూడో సీజన్లలో చాలా యూనిట్లకి (వేట కోసం రాష్ట్రాన్ని విడగొట్టిన ప్రాంతాలు) మగ ఎల్క్ లైసెన్సు డ్రా లేకుండా నేరుగా కొనుక్కునే వీలుంది. విల్లు వేటకి బయటి రాష్ట్రాలవాళ్లకి ఆ వీలు 2025 నుంచి చాలావరకు పోయింది. బయటివాళ్లకి మగ ఎల్క్ లైసెన్సు 800 డాలర్ల పైమాటే. కొలరాడోలో వరసగా ఆరు నెలలు నివాసం ఉన్నవాళ్లకి అందులో పదోవంతు కూడా కాదు.

ఏ నెలలో రావడం మంచిది?

సెప్టెంబరు విల్లుది. జత కట్టే కాలం, మగ ఎల్క్ కూత కొండంతా వినిపిస్తుంది. లోతుగా మొదలై, సన్నటి ఈలలా పైకి వెళ్లి, గుర్రుమంటూ ఆగిపోయే ఆ కూత ఒక్కసారి విన్నవాళ్లు మర్చిపోరు. వేట వద్దు, కూత మాత్రం వినాలి అనుకుంటే సెప్టెంబరు చివర్లో సాయంత్రం పూట ఎస్టెస్ పార్క్ అనే ఊరికి వెళ్లండి.

అక్టోబరు మధ్య నుంచి నవంబరు దాకా రైఫిల్ సీజన్లు నాలుగు ఉంటాయి. మొదటిసారి వచ్చేవాళ్లకి నా సలహా రెండో సీజన్. చలి ఉంటుంది కాబట్టి మాంసం పాడవదు, మంచు ఇంకా మరీ ముంచెత్తదు.

మొత్తం ఎంత ఖర్చవుతుంది? గైడ్ కావాలా?

గైడ్, గుడారం, భోజనం, గుర్రాలతో సహా అయితే ఒక్కొక్కరికి అయిదారు వేల డాలర్ల నుంచి మొదలవుతుంది. లైసెన్సు దానికి అదనం. మీ అంతట మీరు ప్రభుత్వ అడవిలో వేటాడితే లైసెన్సు, పెట్రోలు, తిండి, బట్టలు. గైడ్‌ని పెట్టుకుంటే అతనికి కొలరాడోలో అవుట్‌ఫిట్టర్ (వేట ఏర్పాట్లు చేసే వ్యాపారి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసి అడ్వాన్స్ ఇవ్వండి.

మధ్యే మార్గం ఒకటి ఉంది, నాకు నచ్చింది అదే. వేట మీరే చేసుకోండి. ఎల్క్ పడితే మాంసం మోయడానికి గుర్రాలు నడిపే ప్యాకర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.

శరీరం ఎంత సిద్ధంగా ఉండాలి?

ఎల్క్ తిరిగేది 8,000 నుంచి 11,000 అడుగుల ఎత్తులో. సముద్రమట్టం నుంచి విమానం దిగి మర్నాడే కొండెక్కితే తలనొప్పి, వాంతులు ఖాయం. రెండు రోజులు ముందు రండి, నీళ్లు బాగా తాగండి. ఇంటి దగ్గర మూడు నెలల ముందు నుంచే 40 పౌండ్ల బస్తా వీపున వేసుకుని మెట్లెక్కండి. జిమ్‌లో ట్రెడ్‌మిల్ దీనికి సరిపోదు. రైఫిల్ సీజన్లో కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ గానీ గులాబీ గానీ రంగు బట్ట ఒంటి మీద, అదే రంగు టోపీ తల మీద ఉండాలి. అది చట్టం.

ఎంత దూరం నుంచి కాల్చాలి?

మీరు షూటింగ్ రేంజ్‌లో బల్ల మీద ఆనించి కాల్చే దూరంలో సగం అనుకోండి. గుండె, ఊపిరితిత్తులు ముందు జబ్బ వెనకే ఉంటాయి, భోజనం కంచమంత జాగా. ఆయాసపడుతూ, చలికి వణుకుతూ, కూర్చున్న చోటి నుంచి ఆ కంచాన్ని ప్రతిసారీ కొట్టగలిగే దూరమే మీ దూరం. నాది 200 గజాలు. దానికి మించితే వదిలేస్తాను, చాలాసార్లు వదిలేశాను.

చాలా యూనిట్లలో మగ ఎల్క్‌ని కొట్టాలంటే ఒక కొమ్ముకి నాలుగు మొనలైనా ఉండాలి, లేదా నుదుటి దగ్గరి మొన అయిదు అంగుళాలైనా ఉండాలి. లెక్కపెట్టే టైం లేదంటే కాల్చే టైం కూడా లేనట్టే. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే వేట.

కాల్చాక వెంటనే పరిగెత్తకండి. అది నిలబడ్డ చోటు గుర్తుపెట్టుకుని అరగంట ఆగండి. ఆ తర్వాత నెత్తురు జాడ పట్టుకుని వెళ్లండి. గాయపడ్డ జంతువుని వెతకడం చట్టం చెప్పిన బాధ్యత. చట్టం చెప్పకపోయినా వెతకాలి.

ఎల్క్ పడిపోయింది. మొట్టమొదట ఏం చేయాలి?

లైసెన్సుతో వచ్చిన ట్యాగ్ చింపి, తేదీ వేసి, సంతకం పెట్టండి. ఆ తర్వాత కోటు విప్పండి. ఇక నాలుగైదు గంటలు ఒళ్లు వంచి పని చేయాలి.

మాంసానికి శత్రువు వేడి. ఎల్క్ ఒంట్లో వేడి చాలా ఉంటుంది, ఆ మందపాటి తోలు, బొచ్చు దాన్ని బయటికి పోనివ్వవు. బయట మంచు పడుతున్నా తోలు కింద మాంసం గంటల తరబడి వేడిగానే ఉంటుంది. అందుకే తోలు త్వరగా తీయాలి.

నేను కడుపు కోయకుండా విడగొట్టే పద్ధతిలో చేస్తాను. జంతువుని ఒక పక్కకి పడుకోబెట్టి, మెడ నుంచి తోక దాకా వెన్నెముక వెంబడి తోలు మీద ఒక గీత కోసి, పొట్ట వైపుకి తోలు ఒలుచుకుంటూ వస్తాను. ముందు కాలికి వెన్నెముకతో ఎముక కీలు ఉండదు, కండే పట్టి ఉంచుతుంది. కాలు పైకెత్తి పట్టుకుని కత్తి మొన ఆడిస్తే ఊడి వచ్చేస్తుంది. వెనక తొడకి గుండ్రటి కీలు ఉంటుంది. దాని చుట్టూ కోసి కాలు విరిచినట్టు తిప్పితే టక్కుమని శబ్దం వచ్చి విడిపోతుంది. వెన్నెముక పక్కన మెడ నుంచి నడుం దాకా చేయంత పొడవున ఉండే కండని బ్యాక్‌స్ట్రాప్ అంటారు, దాన్ని ఎముక వెంబడి జాగ్రత్తగా గీసుకుంటూ తీయాలి. మెడ మాంసం, పక్కటెముకల మధ్య మాంసం కూడా వదలకూడదు. చివరి పక్కటెముక వెనక చెయ్యి పెట్టి, పేగుల్ని కిందికి నొక్కి పట్టుకుంటే వెన్నెముక కింద దాగి ఉన్న టెండర్‌లాయిన్ చేతికి తగులుతుంది. అన్నిటికంటే మెత్తటి ముక్క అదే. తర్వాత రెండో పక్కకి తిప్పి మళ్లీ ఇదంతా.

కొలరాడో చట్టం ప్రకారం నాలుగు కాళ్ల మాంసం, బ్యాక్‌స్ట్రాప్‌లు, టెండర్‌లాయిన్లు తప్పనిసరిగా తెచ్చి తినడానికి వాడాలి. కొమ్ములు మాత్రం తీసుకుని మాంసం అడవిలో వదిలేయడం నేరం. ఆడదో మగదో తెలిపే భాగం కూడా ఒక ముక్కకి సహజంగా అంటుకునే ఉంచాలి. తోలు ఒలిచే హడావుడిలో దాన్ని కోసేసి చాలామంది చిక్కుల్లో పడతారు.

నా రెండో ఎల్క్ సాయంత్రం పడింది. చీకటి పడిపోయింది, అలసిపోయాను. ఒక పక్క తొడ విడదీశాను, రెండో పక్కది పొద్దున చూద్దాంలే అని తోలుతో వదిలేశాను. రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి. అయినా పొద్దున తొడ ఎముక పక్కన మాంసం ఆకుపచ్చగా మారి పులిసిన వాసన వచ్చింది. పన్నెండు పౌండ్ల దాకా పారేయాల్సి వచ్చింది. ఆ తప్పు నాది. మీరు ఎంత అలసిపోయినా సరే, రెండు తొడలూ తోలు తీసి, వీలైతే ఎముక దాకా గాటు పెట్టి, గాలి తగిలే చోట కొమ్మకి వేలాడదీశాకే పడుకోండి.

అంత మాంసం ఎలా మోస్తారు?

గాలాడే పల్చటి బట్ట సంచుల్లో వేసి, వీపున కట్టుకుని మోస్తారు. ప్లాస్టిక్ సంచులు వాడొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. ఎముకతో ఒక వెనక తొడ 50 నుంచి 70 పౌండ్లు ఉంటుంది. ఒక్కరే అయితే కారుకీ ఎల్క్‌కీ మధ్య నాలుగైదు సార్లు తిరగాలి. కారు మూడు మైళ్ల దూరంలో ఉంటే మొత్తం ఎంత నడవాలో లెక్క వేసుకోండి. మంచి ఎల్క్ కనబడ్డా లోయ అడుగున ఉంటే నేను కాల్చను.

ఇది ఎలుగుబంట్లు తిరిగే అడవి. మాంసాన్ని పేగుల కుప్పకి దూరంగా వేలాడదీయండి. కారులో ఐస్ బాక్సుల్లో పెట్టేటప్పుడు కరిగిన నీళ్లలో మాంసం నానకూడదు. బాక్సు కింద రంధ్రం తెరిచి ఉంచండి.

ఒక ఎల్క్‌కి ఎంత మాంసం వస్తుంది?

ఎముక తీసేశాక ఆడదానికి 150 పౌండ్లు, మగదానికి 200 పౌండ్లు అటూ ఇటూ. ఒక క్యూబిక్ అడుగు ఫ్రీజర్‌లో 35 పౌండ్లు పడుతుంది కాబట్టి 7 క్యూబిక్ అడుగుల ఫ్రీజర్ చాలు. అది కొని, ప్లగ్ పెట్టి, సున్నా ఫారెన్‌హీట్‌కి వచ్చిందని చూసుకున్నాకే వేటకి బయల్దేరండి. నలుగురున్న మా ఇంట్లో ఒక ఆడ ఎల్క్ దాదాపు ఏడాది వస్తుంది.

ప్రాసెసర్‌కి ఇవ్వాలా, ఇంట్లో కోసుకోవాలా?

మొదటిసారి నేను ప్రాసెసర్‌కే ఇచ్చాను. కీమా ప్యాకెట్లు ఇంటికొచ్చాక లేబుల్ చదివితే బీఫ్ కొవ్వు కలిపినట్టు ఉంది. ఎల్క్‌లో కొవ్వు తక్కువ కాబట్టి ఇక్కడ కీమాలో బీఫ్ కొవ్వు, సాసేజ్‌లో పంది కొవ్వు కలపడం మామూలే. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. మా ఇంట్లో బీఫ్ తినరు. 60 పౌండ్ల కీమా తీసుకెళ్లి ఆఫీసులో పంచేశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే ఇవ్వాలనుకుంటే ఆర్డర్ ఫారం మీద "ఏ కొవ్వూ కలపొద్దు" అని రాయించండి. ముస్లిం మిత్రులు కూడా ఇదే గట్టిగా చెప్పాలి. ఇంకోటి, సాసేజ్‌కి నలుగురు వేటగాళ్ల మాంసం కలిపి ఒకేసారి రుబ్బే చోట్లు ఉన్నాయి. మీ మాంసం మీకే కావాలని అడగండి.

ఇప్పుడు నేను గ్యారేజీలో బల్ల వేసుకుని నేనే కోస్తాను. మా ఆవిడ వ్యాక్యూమ్ సీల్ చేస్తుంది, పిల్లలు ప్యాకెట్ల మీద భాగం పేరు, తేదీ రాస్తారు. రెండు రోజుల పని. కండల మీద వెండిలా మెరిసే సన్నటి పొర ఉంటుంది, దాన్ని ఓపిగ్గా తీసేయాలి. కొవ్వు కూడా తీసేయాలి. ఎల్క్ కొవ్వు మైనంలా అంగిటికి అంటుకుంటుంది. అడవి వాసన అని జనం అనేది చాలావరకు ఆ కొవ్వూ, సరిగ్గా చల్లబడని మాంసమూ చేసే పనే.

జింకలకి ఏదో జబ్బు వస్తుందంటారు. తినొచ్చా?

క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. 1967లో ఇక్కడి ఫోర్ట్ కాలిన్స్‌లో మొదటిసారి బయటపడింది. ప్రయాన్ అనే చెడిపోయిన ప్రోటీన్ వల్ల వస్తుంది, మెదడుని దెబ్బతీస్తుంది. మనిషికి సోకినట్టు ఇప్పటిదాకా నిరూపణ కాలేదు. అయినా జబ్బు ఉన్న జంతువు మాంసం తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఎంత ఉడికించినా ఆ ప్రయాన్ చావదు. పైకి ఆరోగ్యంగా కనిపించే జంతువుకీ ఉండొచ్చు.

చేయాల్సింది తేలికే. తలని సీపీడబ్ల్యూ ఆఫీసులో ఇస్తే మెడ దగ్గరి గ్రంథులు తీసి పరీక్ష చేస్తారు. కొన్ని యూనిట్లలో ఇది తప్పనిసరి కూడా. ఫలితం వచ్చేదాకా ఆ మాంసం విడిగా ఫ్రీజర్‌లో పెట్టండి. వెన్నెముకని రంపంతో కోయకండి. మెదడు, వెన్నుపాము, కళ్లు, ప్లీహం, గ్రంథులు తినకండి. తలకాయ కూర అంటే ప్రాణం పెట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఎల్క్ విషయంలో ఆ ఆశ వదులుకోండి.

వేరే రాష్ట్రానికి తీసుకెళ్లేవాళ్లు ఎముక లేని మాంసమే తీసుకెళ్లండి. మెదడు, వెన్నెముకతో కళేబరాన్ని తమ రాష్ట్రంలోకి రానివ్వని రాష్ట్రాలు చాలా ఉన్నాయి.

ఇంకో చిన్న విషయం. సీసం తూటా లోపల ముక్కలై, కంటికి కనిపించనంత సన్నగా మాంసంలో పరుచుకుంటుంది. పిల్లలు, గర్భిణులు తినే ఇల్లయితే రాగి తూటా వాడండి.

మన పద్ధతిలో ఎలా వండాలి?

మేక మాంసం వండినట్టు అన్ని భాగాల్నీ కుక్కర్లో వేయకండి. బ్యాక్‌స్ట్రాప్‌ని కుక్కర్లో పెడితే చెక్కలా అవుతుంది. దాన్ని అంగుళం మందాన కోసి, ఉప్పు, మిరియాల పొడి రాసి, ఇనప పెనం మీద నెయ్యి వేసి ఎక్కువ మంట మీద రెండు వైపులా కాల్చి, లోపల గులాబీ రంగు ఉండగానే దించాలి. గర్భిణులకి, చిన్నపిల్లలకి మాత్రం పూర్తిగా ఉడకనివ్వండి.

కుక్కర్‌కి సరిపోయేవి మెడ, పిక్క. నరాలు, జిగురు ఎక్కువ కాబట్టి నిదానంగా ఉడికితే పులుసు చిక్కబడుతుంది. మెడ మాంసంతో గోంగూర వండితే మా ఇంట్లో రెండో రోజుకి మిగలదు. మటన్‌కి పెట్టే కూతలకి రెండు మూడు ఎక్కువ పెట్టండి. కీమాలో కొవ్వు ఉండదు కాబట్టి నూనె కొంచెం ఎక్కువ పోసి, ఉల్లిపాయలు దండిగా వేయండి. తొడ మాంసం బిర్యానీకి పెట్టాలంటే ముందురోజు రాత్రే పెరుగు, పచ్చి బొప్పాయి ముద్దతో నానబెట్టండి.

ఒట్టి తునకలు, పచ్చడి చేయొచ్చా?

ఎల్క్ దీనికోసమే పుట్టిందా అన్నంత బాగా కుదురుతాయి, కొవ్వు లేదు కాబట్టి కొవ్వు చెడిన వాసన పట్టదు. మా నాయనమ్మ దసరాకి మిగిలిన మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి, పెరట్లో తాడు మీద బట్టలు ఆరేసినట్టు ఆరేసేది. ఇక్కడ నవంబరు ఎండ దానికి చాలదు. నేను మాంసాన్ని ముందు ఓవెన్‌లో లోపలి వేడి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చేదాకా ఉంచి, తర్వాత డీహైడ్రేటర్‌లో ఆరబెడతాను. వంచితే విరగకుండా పగిలినట్టు అవ్వాలి. చింతపండు, వంకాయ వేసి తునకల పులుసు పెడితే నాయనమ్మ ఇంటి వాసన వస్తుంది.

పచ్చడికి తొడ ముక్కలు చిన్నగా కోసి, ఉప్పు పసుపుతో నీరంతా ఇగిరేదాకా ఉడికించి, నూనెలో గట్టిపడే దాకా వేయించి, మసాలా, కారం, నిమ్మరసం కలపండి. మాంసం పచ్చడి బయట పెట్టొద్దు, ఫ్రిజ్‌లోనే ఉంచండి.

గుండె, కార్జం, ఎముకలు?

వీటిని తీసుకురమ్మని చట్టం అడగదు, నేను తెస్తాను. గుండె రెండు పిడికిళ్లంత పెద్దది. పొరలు తీసి సన్నగా కోసి మిరియాలతో వేయిస్తే రుచి అదిరిపోతుంది. కార్జం మీద మచ్చలు, గడ్డలు కనబడితే వదిలేయండి. కాళ్ల ఎముకలు, మూలుగ కూడా పరీక్షలో జబ్బు లేదని తేలాకే పొయ్యి మీదికి.

తోలు, కొమ్ములు, పళ్లు ఏం చేస్తారు?

తోలు తడిగా 40 పౌండ్ల పైనే ఉంటుంది. మోయలేక అడవిలో వదిలేసేవాళ్లే ఎక్కువ. మోయగలిగితే అదే రోజు లోపలి వైపు మాంసం గీకి, ఉప్పు దట్టంగా పట్టించి, మడిచి, తోలు పదును చేసే ట్యానరీకి పంపండి. మెత్తగా, మందంగా మంచి తోలు వస్తుంది. ఇక్కడి ఆదివాసీ తెగలు ఎల్క్ పచ్చితోలుతో చేతి డోళ్లు కడతారు. మొదటిసారి ఆ మోత విన్నప్పుడు మా ఊళ్లో మంట దగ్గర వెచ్చబెట్టిన మేకతోలు డప్పు గుర్తొచ్చింది.

ఎల్క్ పైదవడలో రెండు కోరపళ్లు ఉంటాయి, దంతంలా తెల్లగా. క్రో, లకోటా తెగల స్త్రీలు వీటిని దుస్తుల మీద వరసలుగా కుట్టుకునేవాళ్లు. ఒక్కో జంతువుకి రెండే కాబట్టి, ఆ వరసలు చూస్తే ఆ ఇంట్లో ఎంత వేట, ఎంత ఓపిక ఉందో తెలిసేది. నా మొదటి ఎల్క్ పళ్లు రెండూ మా అమ్మాయి లాకెట్లలో ఉన్నాయి.

కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. రాలిన కొమ్ములు ఏరుకోవడానికి కూడా రూల్ ఉంది. ఐ-25 హైవేకి పడమట ప్రభుత్వ భూముల్లో జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఏరకూడదు. చలికాలంలో బక్కచిక్కిన జంతువుల్ని బెదరగొట్టకుండా ఉండడానికే ఇది. కొమ్ము ముక్కతో కత్తి పిడి బాగా కుదురుతుంది, మిగిలింది కుక్కలు కొరుక్కుంటాయి.

మాంసం అమ్మొచ్చా? విమానంలో, ఇండియాకి తీసుకెళ్లొచ్చా?

వేటాడిన మాంసం అమ్మడం నేరం. పంచుకోవచ్చు, పేదలకి తిండి పెట్టే సంస్థలకి ఇవ్వొచ్చు. పంచినప్పుడు ఎవరిచ్చారో, ఏ జంతువో ఒక చీటీ రాసి పెట్టండి.

దేశం లోపల విమానంలో గట్టిగా గడ్డకట్టిన మాంసం చెకిన్ లగేజీలో వెళ్తుంది. డ్రై ఐస్ పెడితే ఒక్కరికి 5.5 పౌండ్లే, అది కూడా ఎయిర్‌లైన్ ఒప్పుకుంటేనే.

ఇండియాకి మాంసం గానీ కొమ్ములు గానీ పట్టుకెళ్లకండి. మాంసం కస్టమ్స్‌లో పోతుంది. కొమ్ము అయితే అది కణితిది కాదని ఎయిర్‌పోర్టులో నిరూపించుకోవడం మీ తరం కాదు.

పిల్లల్ని తీసుకురావొచ్చా?

వెంట రావడానికి ఏ వయసైనా పర్లేదు. వేటాడటానికి 12 ఏళ్లు నిండాలి, 16 లోపు వాళ్ల వెంట హంటర్ ఎడ్యుకేషన్ నిబంధనకి సరిపోయే పెద్దవాళ్లు ఉండాలి. మా అబ్బాయి మొదటి మూడేళ్లు తుపాకీ ముట్టలేదు. నీళ్లు మోశాడు, జాడలు చూశాడు, మాంసం మోశాడు. చర్మం ఒలిచేటప్పుడు చూడలేకపోతే పక్కకి వెళ్లమన్నాను, బలవంతం చేయలేదు.

అంత ఖర్చు పెట్టి వచ్చి ఖాళీ చేతులతో వెళ్లాల్సి వస్తే?

అలాగే వెళ్తారు చాలామంది. కొలరాడోలో ఎల్క్ దొరికేది అయిదుగురిలో ఒకరికి, అది కూడా బాగుంటే. నాకూ మొదటి రెండేళ్లు దొరకలేదు. చివరి రోజు మధ్యాహ్నం, ఏదో ఒకటి కొట్టాలన్న తొందర పుడుతుంది. కాల్చకూడని దూరంలో కాల్చేది, లోయ అడుగున కాల్చేది అప్పుడే. ఆ మధ్యాహ్నం రాకముందే, ఉదయమే, మీ దూరం ఎంతో పక్కనున్న స్నేహితుడికి పైకి చెప్పి పెట్టుకోండి. ఫోన్ చేస్తే మా ఫ్రీజర్లోంచి రెండు ప్యాకెట్ల మెడ మాంసం ఇస్తాను. గోంగూర మాత్రం మీరు తెచ్చుకోవాలి, ఈ ఎత్తులో సరిగ్గా పెరగడం లేదు.